‘ఉపయుక్త గ్రంథాలు’, ‘ఆధార గ్రంథాలు’ ఒకటేనా?

సభ్యులందరికీ నమస్కారం. నివేదిక చివర ఇచ్చే పుస్తకాల పట్టికకు ‘ఉపయుక్త గ్రంథసూచి’ అని పేరు పెట్టినా, ‘ఆధార గ్రంథాలు’ అని పెట్టినా తేడా లేదని నిన్న ఒక మిత్రులు రాశారు. తేడా ఉందని, అది చిన్నది కాదని నా అభిప్రాయం.

‘ఉప’ అనే ఉపసర్గతో కూడిన ‘యుజ్’ ధాతువుకు ‘క్త’ ప్రత్యయం చేరి ఏర్పడిన ‘ఉపయుక్త’ శబ్దానికి ‘ఉపయోగించిన’ అన్నది వ్యుత్పత్తి చెప్పే అర్థం. వాడుకలో మాత్రం ‘ఉపయుక్తమైన సలహా’ అంటే పనికొచ్చే సలహా అనే మనకు స్ఫురిస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. మొదటి అర్థంలో ఆ పట్టిక రచయిత తాను చదివి వాడుకున్నవాటికి అప్పజెప్పే లెక్క. రెండో అర్థంలో పాఠకుడికి చేసే సిఫారసు. అట్ట కూడా తెరవని పుస్తకం పట్టికలోకి ఎక్కేది ఈ సందులోంచే. ‘ఆధారం’ అన్న మాట అంత వెసులుబాటు ఇవ్వదు. మోసి నిలబెట్టేదే ఆధారం కాబట్టి, దాన్ని తీసేస్తే నివేదికలో కనీసం ఒక్క వాక్యమైనా కూలిపోవాలి.

మన హైదరాబాదులో గోలకొండ పత్రికను నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చూడండి. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ఆ గ్రంథంలో ప్రకరణాల చివరనే ఆయా ప్రకరణాలకు ముఖ్యమైన ఆధారాలను పేర్కొన్నారు. ఏ కాలపు జీవితానికి ఏ కావ్యం సాక్ష్యమో పాఠకుడు అక్కడికక్కడే తెలుసుకుంటాడు. అన్నిటినీ పుస్తకం చివర ఒకే కుప్పగా పోస్తే ఆ సంబంధం తెగిపోతుంది.

ఇక ‘గ్రంథం’ అన్న మాట. కూర్చడం, ముడివేయడం అన్న అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన ఈ మాటలో శాసనాలు, జీవోలు, ముఖాముఖిలో సేకరించిన సమాచారం ఇమడవు. నేటి నివేదికల్లో ఇవే ఎక్కువ. అటువంటప్పుడు ‘ఆకరాలు’ అనడం నాకు నచ్చుతుంది. ఆకరమంటే గని, తవ్వి తెచ్చిన చోటు.

పేరు సరిగా పెట్టినంత మాత్రాన సరిపోదు. ఒక నివేదికలోని ఉల్లేఖనను సరిచూడడానికి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో నేను ఒక పూటంతా కూర్చున్నాను. పట్టికలో పుస్తకం పేరు, పుట సంఖ్య ఉన్నాయి కానీ ఎన్నో ముద్రణో లేదు. ముద్రణ మారితే పుటలూ మారతాయి. ఆ పుటలో ఆ వాక్యం లేదు. రచయిత నిజమే రాసి ఉండవచ్చు, అయినా దాన్ని నిజమని చూపే దారి నాకు దొరకలేదు.

అందుకే నేను ‘ఆధారాలు’ అని ఒక పట్టిక, ‘మరింత చదవదలచినవారికి’ అని వేరొక పట్టిక ఇస్తున్నాను. ఒక సందేహం మాత్రం మిగిలింది. మన పేర్లలో ఇంటిపేరు ఎలాగూ ముందే ఉంటుంది కదా, ‘ప్రతాపరెడ్డి, సురవరం’ అని తిరగేసి ‘ప’ కింద చేర్చడం అవసరమా? పరిశోధక మిత్రులు తమ పద్ధతి ఏమిటో, ఎందుకో తెలియజేయగలరు.