దేవ్‌మాలి చలికి టెంట్‌లో కింద పరుచుకునే ఏ ప్యాడ్ తీసుకోవాలి?

మాది రాయగడ. చలికాలంలో ఫ్రెండ్స్‌తో కలిసి ఒడిశా కొరాపుట్ జిల్లాలోని దేవ్‌మాలి కొండ మీద టెంట్ వేసి పడుకుంటాం. ఎత్తు 1,672 మీటర్లు. స్లీపింగ్ బ్యాగ్ బాగానే ఉంది, చలంతా కింద నేల నుంచే ఎక్కుతోంది.

మొదటిసారి 6 మిల్లీమీటర్ల యోగా మ్యాట్ వేశాను. రాత్రి రెండయ్యేసరికి నడుము కింద ఐసుగడ్డ పెట్టినట్టయింది. రెండోసారి 8 సెంటీమీటర్ల గాలి పరుపు. మెత్తగానే ఉంది కానీ లోపల వట్టి గాలే, చలి ఆపే పొర ఏదీ లేదు. మూడింటికల్లా తుంటి నేలకు ఆనింది. ఇంటికొచ్చి నీళ్ల తొట్టిలో ముంచి నొక్కి చూశాను, ఒక్క బుడగ రాలేదు. చలికి లోపలి గాలే కుంచించుకుపోయి ఉంటుంది. అమ్మ మాట విని బొంత కూడా మోసుకెళ్లాను. తెల్లారేసరికి చెమ్మ పీల్చి రెట్టింపు బరువెక్కింది!

నా బరువు 78 కిలోలు, పక్కకు తిరిగి పడుకునే అలవాటు. బడ్జెట్ 5,000 రూపాయలు. ఆర్-వాల్యూ (నేల చలిని ప్యాడ్ ఎంత ఆపుతుందో చెప్పే అంకె, ఎక్కువుంటే మేలు) 2 ఉన్న మడత ఫోమ్ ప్యాడ్, 3.5 ఉన్న గాలి ప్యాడ్ చూసిపెట్టాను. ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ విలువలు కలుస్తాయని తెలుసు, కానీ రెండూ కొనలేను.

నాలాగా పక్కకు పడుకునేవాళ్లు 5 డిగ్రీల చలిలో 3.5 గాలి ప్యాడ్ ఒక్కదాని మీదే తెల్లారేదాకా నిద్రపోగలిగారా?