మండె (ఆరిన ఆకును పేర్చిన కుప్ప) కట్టే ముందు వర్జీనియా పొగాకు పదును (ఆకు చిట్లకుండా ఉండే తేమ) గుర్తించడం ఎలా?

ప్రశ్న (టంగుటూరు వైపు రైతు):
ఈనె ఎండే దశలో బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) వేడిని 160 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా తీసుకువెళ్లి, మంట ఆపిన తరువాత తలుపులు తెరిచి, రాత్రంతా ఆకును పదునుకు వదులుతున్నాము. మంచు దట్టంగా కురిసిన మరునాడు ఆకు మరీ మెత్తబడి చేతికి అంటుకుంటోంది. పొడి గాలి వీచిన రోజున ఆకు కట్టిన కర్రలు దించుతుండగానే అంచులు నలిగి రాలిపోతున్నాయి. మండె కట్టడానికి తగిన పదును వచ్చిందని చేతితోనే నిర్ధారించుకునే పద్ధతిని అనుభవజ్ఞులు వివరించగలరు.

మొదటి సమాధానం:
ఆకును, ఈనెను విడివిడిగా చూడండి. ఆకును గుప్పిట్లో పట్టి నొక్కి వదిలితే చిట్లకుండా మెల్లగా విచ్చుకోవాలి. ముద్దలా ఉండిపోతే నెమ్ము ఎక్కువైనట్లే. అదే ఆకు ఈనెను తొడిమ దగ్గర వంచితే పుటుక్కున విరగాలి. చాలామంది ఆకును తడిమి ఊరుకుంటారు గానీ, నా దృష్టిలో ఈనె పరీక్షే అసలైనది. ఈనె విరగకుండా వంగిందంటే, అది రాత్రి గాలికి తేమ పీల్చుకుని ఉండవచ్చు, లేదా క్యూరింగులోనే (బ్యారన్‌లో ఆరబెట్టేటప్పుడే) పూర్తిగా ఎండి ఉండకపోవచ్చు. మంట ఆపేటప్పుడే కొన్ని ఈనెలు విరిచి చూసుకుంటే ఈ సందేహం రాదు. ఎండని ఈనెతో మండె కడితే అందులోని తేమ ఆకులోకి పాకి, ఈనె పొడవునా రంగు ముదురుతుంది.

రెండవ సమాధానం:
పై మాటకు ఒకటి చేరుస్తాను. తలుపు దగ్గర, కింది వరుసల్లో ఉన్న కర్రలు ముందుగా పదునెక్కుతాయి కనుక, అందిన ఆకు ఒక్కటే చూసి నిర్ణయించకుండా పై వరుసల నుంచి కూడా తీసి చూడండి. మంచు రాత్రి తలుపులను ఓరగా మాత్రమే తెరవండి. గాలి పొడిగా ఉంటే బ్యారన్ నేలపై నీళ్లు చల్లి, తడి గోనెలు వేలాడదీయండి. ఆకు మీద మాత్రం నీళ్లు చల్లకూడదు, మచ్చలు పడతాయి. ఎండ పొడిచాక పదును ఎంత త్వరగా పోతుందో మీకు తెలిసిందే.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. మండె కట్టిన తరువాత నెమ్ము ఎక్కువని అనుమానం వస్తే ఏమి చేయాలి?

మూడవ సమాధానం:
మండె మధ్యలోకి చేయి దూర్చి చూడండి. వెచ్చగా తగిలినా, బూజు వాసన వచ్చినా వెంటనే విప్పి, ఆకును ఆరనిచ్చి, పైది కిందికి, కిందిది పైకి వచ్చేలా తిరిగి కట్టాలి. తూకం కలిసివస్తుందని కొందరు పదును ఎక్కువగా ఉంచమంటారు. ఆ సలహా వినవద్దు. కొన్న ఆకును కంపెనీలు తిరిగి ఆరబెట్టి సుమారు 12 శాతం తేమకు తెస్తాయి కాబట్టి, వేలం కేంద్రంలో బేలులోకి (ఆకు కట్టలోకి) చేయి పెట్టి చూసే కొనుగోలుదారు అదనపు నీటికి ధర కట్టడు, తరచుగా ఆ బేలును నో బిడ్‌గా (ధర పాడకుండా) వదిలేస్తాడు.