సమస్య: ప్రభువు కవిముందు చేసాచి భాగ్యమందె

నిర్వాహకుడు: పై పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. ఈవారం ఛందస్సు తేటగీతి. ఇచ్చే చేయి రాజుది, పుచ్చుకునే చేయి కవిది కావాలి. ఇక్కడ తిరగబడింది. ప్రభువుగా విజయనగరం ఆనందగజపతినే (1850–1897) తీసుకోండి.

గంటస్తంభం:
కన్యకల నమ్ము దురితంబుఁ గాంచి సైప
కప్పరాయఁడు రచియింపఁ గబ్బ మపుడు
కృతిని నాకిమ్మటంచు నా కీర్తిధనుఁడు
ప్రభువు కవిముందు చేసాచి భాగ్యమందె

నిర్వాహకుడు: ఎంత రాజైనా కృతిపతి (కావ్యాన్ని అంకితం పొందేవాడు) కావాలంటే కవినే అడగాలి. ఆ మర్యాదతో ముడి భలే విప్పారు. గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయి మహారాజుకే అంకితమైంది, ఆ ఏడే మహారాజు పోయారు. నిజంగా అడిగారా అన్నది కవి స్వేచ్ఛ, పట్టుపట్టను. కృ–కీ యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కలవాల్సిన అక్షరం) కుదిరింది. కానీ ‘సైపక’ విరిగి గురజాడవారి పాదం ‘కప్ప’తో మొదలైందండీ! ఇలా మారిస్తే?

...గాంచి వగచి
యప్పరాయఁడు రచియింప నద్భుతముగ

గంటస్తంభం: హహ్హ, ఆ కప్ప నా కంట పడనేలేదు. మీ సవరణే ఉంచేస్తాను.

మూడులాంతర్లు:
వేదసంపుటుల్ ముద్రింప విత్త మిచ్చి
సీమ పండితు నాదుకొన్ చేయి యదియె
వేడె నొకపద్య మిమ్మని, విజయనగర
ప్రభువు కవిముందు చేసాచి భాగ్యమందె

నిర్వాహకుడు: నాకు ఇదే ఎక్కువ నచ్చింది. ‘సీమ పండితుడు’ అంటే ఇంగ్లండులోని సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్. ఆయన ఋగ్వేదం రెండో ముద్రణ (1890–92) మహారాజు డబ్బుతోనే వెలువడింది. అంత దూరం చాచిన చేయే ఇంట్లో కవి ముందూ చాచిందనడంలో అందం ఉంది. చిక్కల్లా ‘విజయనగర ప్రభువు’ సమాసం దగ్గరే. ‘ప్ర’ ముందున్న ‘ర’ గురువై (రెండు మాత్రల అక్షరమై), మూడు మాత్రలుండాల్సిన సూర్యగణం చెడింది. ‘విజయపురికి’ అంటే సరి.

చిలిపికలం:
చేతి రేఖలు చదివెడి చెలిమికాఁడు
కవియు గాఁబట్టి ఫలితంబుఁ గనుఁగొనంగ
నవ్వుచును దాను గూర్చుండి నాఁటి రాత్రి
ప్రభువు కవిముందు చేసాచి భాగ్యమందె

నిర్వాహకుడు: గణాలు, యతులు శుభ్రం. నవ్వించారు కూడా. అయితే ఈ ప్రభువు ఏ ఊరివాడైనా కావచ్చు. పోటీకి లెక్కించను.

బొంకులదిబ్బ: పద్యం కాదు, ఒక అభ్యంతరం. నాటకం 1892లో ఆడారు. అంతకు ముందే విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కపు పెళ్లిళ్ల (డబ్బు పుచ్చుకుని ఆడపిల్లనిచ్చే పెళ్లిళ్ల) జాబితా మహారాజు తయారు చేయించారు. 1034 తేలాయని గురజాడే ముందుమాటలో రాశారు. అంటే కవికి ముడిసరుకు అందించిందీ ఆ చేయే. గంటస్తంభం గారి పద్యంలో రాజు చివర్లో వచ్చి కృతి అడిగి పోతున్నాడు, అంతకు ముందు చేసింది కనిపించదు.

గంటస్తంభం: ఒప్పుకోనండీ. నాలుగు పాదాల్లో అన్నీ పట్టవు. జాబితాకు చోటిస్తే అప్పరాయడినే తీసేయాలి.

నిర్వాహకుడు: తీసేయక్కర్లేదు, రెండో పద్యం రాయండి. రాజు ఇచ్చింది ముందు, అడిగింది వెనక. 1034ను సూర్యగణాల్లో ఎలా ఇరికిస్తారో మీ తిప్పలు. గడువు ఆదివారం రాత్రి.