జనవరిలో మినియాపొలిస్ వస్తున్నా, చలి బట్టలు ఏవి తెచ్చుకోవాలి?

వరంగల్ నుంచి:

అందరికీ నమస్కారం. జనవరి రెండో వారంలో యూనివర్సిటీ ఆఫ్ మినెసోటాలో ఎమ్మెస్‌లో చేరుతున్నాను. చలి అంటే నాకు తెలిసింది తెల్లవారుజామున భోగిమంట దగ్గర నిలబడటం వరకే. ఇంట్లో అప్పుడే టెన్షన్ మొదలైంది. బాబాయి హైదరాబాద్‌లో 11 వేల జాకెట్ ఒకటి చూసిపెట్టారు. అమ్మ రెండు మంకీ క్యాపులు, నాలుగు స్వెట్టర్లు కొనేసింది. నాకున్నవి 23 కిలోల సూట్‌కేసులు రెండు. వాటిలో పచ్చళ్ళు సర్దాలా, స్వెట్టర్లు సర్దాలా అర్థం కావట్లేదు. ఇంకో డౌట్. భూమి వేడెక్కుతోంది అంటున్నారు కదా, ఇప్పటికీ అంత చలి ఉంటుందా? రెండేళ్ళు వాడి చెత్తలో పడేసే బట్టలు కొనడం నాకైతే ఇష్టం లేదు. అన్నలు, అక్కలు కాస్త చెప్పండి.

సెయింట్ పాల్ నుంచి:

తమ్ముడూ, ముందు బాబాయికి ఫోన్ చేసి ఆ జాకెట్ ఆపించు.

2011లో నేనూ అదే పని చేశాను. షాపువాడు "మైనస్ ఇరవైకి కూడా ఏం కాదు సార్" అన్నాడు. ఏ మైనస్ ఇరవయ్యో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇక్కడ అందరూ మాట్లాడేది ఫారెన్‌హీట్‌లో. ఆ లెక్కన మైనస్ 20 అంటే మన సెల్సియస్‌లో మైనస్ 29. (మైనస్ 40 దగ్గరికి వచ్చేసరికి రెండు లెక్కలూ ఒకటైపోతాయి, అప్పుడిక గొడవే లేదు.) ఆ జాకెట్ చూడటానికి మా ఇంటి పరుపంత లావు. కానీ నడుం దగ్గరే ఆగిపోయేది. చేతుల చివర బిగుతు పట్టీ లేదు, గాలి మణికట్టు దగ్గర దూరి చంకల దాకా వెళ్ళేది. జనవరి మూడో వారంలో జిప్ ఊడింది. ఫిబ్రవరి అంతా దాన్ని పిన్నీసులతో మూసుకుని తిరిగాను.

వేడెక్కడం గురించి నువ్వు విన్నది నిజమే. మేం ఇక్కడ వణికేదీ నిజమే. మినెసోటాలో ఎండాకాలం కంటే చలికాలమే ఎక్కువ వేడెక్కుతోంది, అందులోనూ రాత్రిళ్ళు. 2023-24 చలికాలం ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు) రికార్డుల్లోనే అన్నిటికంటే వెచ్చనిది. ఆ ఏడు క్రిస్మస్ రోజున మంచుకు బదులు వాన పడింది. మా పిల్లలు కిటికీ దగ్గర మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. కానీ 2019 జనవరి 30న ధ్రువాల చలి కిందికి దిగినప్పుడు ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్. ఆ రోజు ఉత్తరాలు పంచడం కూడా మానేశారు. అంటే సగటు పెరిగిందని చలి పోలేదు, దాని తీరు మారింది. సోమవారం మంచు కరిగి చెప్పుల్లోకి నీళ్ళొస్తాయి. మంగళవారం రాత్రి ఆ నీళ్ళే గాజుపలకలా గడ్డకడతాయి. గురువారం ముక్కులో వెంట్రుకలు బిగుసుకుంటాయి. ఒకే ఒక్క లావు జాకెట్ ఉన్నవాడికి సోమవారం చెమట, గురువారం వణుకు. అందుకే పల్చటివి మూడు నాలుగు ఒకదానిమీద ఒకటి వేసుకుని, వేడెక్కితే ఒకటి విప్పుకునేలా ఉండాలి.

అన్నిటికంటే ముందు ఒంటికి తగిలే పొర. బనియన్ ఇంట్లోనే వదిలెయ్. ఇది చెబితే మనవాళ్ళు ఎవరూ వినరు, ఎందుకంటే బనియన్ లేకపోతే మనకి చొక్కా వేసుకున్నట్టే ఉండదు. కాటన్ చెమట పీల్చుకుని అలాగే పట్టుకుంటుంది. బస్సు కోసం రెండు నిమిషాలు పరుగెత్తి, స్టాపులో పది నిమిషాలు నిలబడు, వీపుమీద తడిగుడ్డ ఆరేసినట్టు ఉంటుంది. జీన్స్ కూడా కాటనే, అది గుర్తుపెట్టుకో. లోపల మెరీనో ఉన్నిదో, పాలియెస్టర్‌దో థర్మల్ జత ఉండాలి. మెరీనో ధర ఎక్కువే, కానీ నాలుగు రోజులు వేసుకున్నా వాసన రాదు. రెండు జతలు చాలు.

ఉన్ని సంగతి మనకి ఒకళ్ళు చెప్పాల్సిన పని లేదు నిజానికి. మాది మహబూబ్‌నగర్ వైపు. మా తాత వానలో గొంగడి కొప్పెర పెట్టుకుని గొర్రెల వెంట తిరిగేవాడు. గొంగడి తడిసి బరువెక్కేది, లోపల తాత మాత్రం వెచ్చగా ఉండేవాడు. చిన్నప్పుడు అదేదో తాత గొప్పతనం అనుకున్నాను. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ లాక్కున్నా ఒంటికి తడి తెలియదు, అదీ సంగతి. ఇక్కడికి దక్షిణంగా గంట దూరంలో ఫారిబో అనే ఊళ్ళో 1865 నాటి ఉన్ని మిల్లు ఉంది. 2009లో మూతపడింది, 2011లో మళ్ళీ తెరిచారు. మొదటిసారి అక్కడి దుప్పటి చేతిలోకి తీసుకున్నప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. మా ఆవిడ నన్ను పక్కకి లాగింది.

మధ్య పొరకి ఉన్ని స్వెట్టర్ కావాలంటే నేరుగా గుడ్‌విల్‌కో, సాల్వేషన్ ఆర్మీ స్టోర్‌కో వెళ్ళు. ఈ ఊరి పెద్దవాళ్ళు ముప్పై ఏళ్ళు వాడి ఇచ్చేసిన స్వెట్టర్లు ఉంటాయి, ఇంకో ముప్పై ఏళ్ళు వస్తాయి. మెడ వెనక చీటీ చదువు, నూరు శాతం ఉన్ని అని ఉన్నదే తీసుకో. ఫ్లీస్ అనే మెత్తటి పాలియెస్టర్ గుడ్డ కూడా వెచ్చనిదే, ప్లాస్టిక్ సీసాలు కరిగించి చేసినవీ ఉన్నాయి. కానీ ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని పోగులు నీళ్ళలోకి పోతాయి. ఉంటే వాడు, తక్కువసార్లు ఉతుకు, ఉతికితే చల్లనీళ్ళలో మెషిన్ నిండుగా వేసి ఉతుకు.

పై జాకెట్ మోకాళ్ళ దాకా ఉండాలి, తలకి హుడ్ ఉండాలి. వాడినది కొంటే జిప్ పది సార్లు పైకీ కిందికీ లాగి చూడు. లోపల ఈకలు ఒకచోట ఉండకట్టాయేమో చేత్తో నొక్కి చూడు. ఈకల జాకెట్ తడిస్తే అణిగిపోతుంది, అప్పుడది ఉత్త గుడ్డ. జిప్ పోయినా పారెయ్యక్కర్లేదు. హెన్నెపిన్ కౌంటీవాళ్ళు ఫిక్స్-ఇట్ క్లినిక్ అని ఉచితంగా పెడతారు, వాలంటీర్లు పక్కన కూర్చుని మనచేతే బాగు చేయిస్తారు. నా పిన్నీసుల కాలంలో ఆ సంగతి నాకు తెలీదు. కొత్తదే కొనాలనిపిస్తే ఇంకో మాట, మినెసోటాలో బట్టలమీద సేల్స్ టాక్స్ లేదు.

గాలిని తేలిగ్గా తీసుకోకు. సున్నా ఫారెన్‌హీట్‌లో గంటకి 15 మైళ్ళ గాలి వీస్తే ఒంటికి మైనస్ 19లా తగులుతుంది, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు. మీ యూనివర్సిటీలో వాషింగ్టన్ అవెన్యూ బ్రిడ్జి మిసిసిపీ మీద ఉంటుంది, అక్కడ తెలుస్తుంది నీకు. వంతెన పైఅంతస్తులో మధ్యన మూసిన నడవా ఉంది, దాంట్లోంచి నడువు. బిల్డింగుల మధ్య గోఫర్ వే సొరంగాలున్నాయి, మొదటి వారంలోనే మ్యాప్ చూసుకో. ట్రైన్ స్టేషన్లో షెల్టర్ గోడకి బటన్ ఉంటుంది, నొక్కితే నెత్తిమీద హీటర్ వెలుగుతుంది. కొత్తవాళ్ళు అది తెలీక దానికిందే నిలబడి వణుకుతుంటారు. నేనూ ఒక నెల వణికాను.

మేపుల్ గ్రోవ్ నుంచి:

అన్నగారు అన్నీ చెప్పి కాళ్ళు మర్చిపోయారు. మగవాళ్ళ సంగతి ఇంతే.

బాబూ, అన్నీ వాడినవి కొనుక్కో, బూట్లు మాత్రం కొత్తవి కొను. వేరేవాళ్ళ పాదానికి అణిగిన బూటు నీకు సరిపడదు, అరిగిన సోలు మంచుగడ్డమీద నిలవదు. అర సైజు పెద్దది తీసుకో. చలి అని రెండు జతల సాక్సులు బిగించి వేసుకుంటే రక్తం ఆడదు, ఇంకా చల్లబడతాయి. లావు ఉన్ని సాక్సు ఒకటే వేసుకుని వేళ్ళు కదిలేలా చూసుకో. లోపలి లైనర్ బయటికి వచ్చే రకమైతే రోజూ రాత్రి తీసి ఆరబెట్టు. రోడ్లమీద చల్లే ఉప్పు బూట్లమీద తెల్లగా పేరుకుంటుంది, నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి తుడిస్తే పోతుంది. చేతులకి ఐదు వేళ్ళ గ్లవ్స్ కంటే మిట్టెన్స్ నయం, వేళ్ళన్నీ ఒకచోట ఉంటే ఒకదానికొకటి వెచ్చదనం. ఇక్కడివాళ్ళు చాపర్స్ అంటారు, పైన తోలు, లోపల ఉన్ని.

మీ అమ్మగారు కొన్న మంకీ క్యాప్ ఒకటి తప్పకుండా తెచ్చుకో. నవ్వుతారని మా అబ్బాయి కూడా వేసుకునేవాడు కాదు. అదే ఇక్కడ బాలక్లావా అని పేరుపెట్టి 40 డాలర్లకి అమ్ముతుంటే వేసుకున్నాడు. నాలుగు స్వెట్టర్లలో మూడు మీ చెల్లికి ఇచ్చెయ్, ఆ బరువుకి ఆవకాయ పట్టుకురా.

మా అత్తగారు వచ్చినప్పుడు గుడికి చీరలోనే వస్తానన్నారు. చీరకింద ఉన్ని లెగ్గింగ్స్, కాళ్ళకి బూట్లు, పైన మా ఆయన కోటు. గుడి తలుపు దగ్గర అన్నీ విప్పి, లోపలికి పట్టుచీరలో వెళ్ళారు. ఫోటోలు చూసి ఊళ్ళో అందరూ అక్కడ అంత చలి లేదన్నమాట అనుకున్నారట. ఇంకోటి, ఇంట్లో హీటర్‌కి గాలి ఎండిపోయి ముక్కులోంచి రక్తం వస్తుంది. కంగారుపడకు. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టే ఉంటుంది, కాస్త గోకి రాసుకో.

ఈడెన్ ప్రైరీ నుంచి:

ఇంత హడావిడి అవసరమా? నేను ఐదేళ్ళుగా హూడీలోనే తిరుగుతున్నా. గరాజ్‌లోంచి కారు, కారులోంచి ఆఫీసు. డౌన్‌టౌన్‌లో అయితే దాదాపు 80 బ్లాకులు స్కైవేలోనే (బిల్డింగులని పైన కలిపే మూసిన వంతెనలు) నడవొచ్చు, బయట అడుగు పెట్టక్కర్లేదు.

సెయింట్ పాల్ నుంచి:

తమ్ముడికి కారు లేదు, గరాజ్ లేదు, మీకు రెండూ ఉన్నాయి. మూడేళ్ళ కింద నేనూ మీలాగే హూడీతో బయల్దేరాను. హైవేమీద బ్యాటరీ చచ్చింది. తీసుకెళ్ళే బండి వచ్చేసరికి 50 నిమిషాలు. ఫోన్ కూడా చలికి ఆగిపోతుంటే చంకలో పెట్టుకుని కూర్చున్నా. అప్పటినుంచి డిక్కీలో ఒక దుప్పటి, పాత బూట్లు, మిట్టెన్స్ ఉంటున్నాయి. మీరూ పెట్టుకోండి, హూడీ వద్దనను.

వరంగల్ నుంచి:

అందరికీ థాంక్స్. జాకెట్ క్యాన్సిల్ అయింది, బాబాయి కొంచెం ఫీలయ్యారు. అక్కా, మీ మాట అమ్మకి చదివి వినిపించా. ఆవకాయ రెండు కిలోలు అయింది. అన్నా, ఒకటి అడగనా? మా అమ్మమ్మ వాళ్ళింట్లో పాత గొంగడి ఒకటి ఉంది. నల్లది, కొంచెం గుచ్చుకుంటుంది. బరువు మూడు కిలోలపైనే. తెచ్చుకోవచ్చా? మరి ఎయిర్‌పోర్టు నుంచి రూమ్ దాకా వేసుకోవడానికి ఏముండాలి నా దగ్గర?

సెయింట్ పాల్ నుంచి:

తెచ్చుకో. మంచానికి పరుపుమీద పరుచుకుని, దానిమీద దుప్పటి వేసుకుంటే గుచ్చుకోదు. రెండు రోజులు మంచి ఎండలో వేసి, కర్రతో బాగా దులిపి మడతపెట్టు, పురుగు ఉంటే పోతుంది. ఇక్కడికి వచ్చాక ఎండాకాలంలో మూటకట్టి కలరా ఉండలు వేసి దాచు.

విమానంలోకి థర్మల్స్, ఉన్న ఒక్క స్వెట్టర్, మంకీ క్యాప్ వేసుకునే రా, సూట్‌కేసులో బరువు తగ్గుతుంది. బూట్లు వచ్చాక కొందాం, అప్పటిదాకా కాళ్ళకి స్పోర్ట్స్ షూ చాలు. ఎయిర్‌పోర్టుకి నేను వస్తాను. ఒక జాకెట్ కారులో పెట్టుకుని వస్తా, మా అబ్బాయికి పొట్టిదైపోయింది, రెండు చలికాలాలే వాడాడు. నీ ఎత్తెంత?

వరంగల్ నుంచి:

5 అడుగుల 8 అంగుళాలు అన్నా.

సెయింట్ పాల్ నుంచి:

సరిపోతుంది. చేతులు కొంచెం పొడుగవుతాయేమో, మడుచుకో.