పి.కె. బెనర్జీ గారు పెద్ద క్లబ్బులకు ఆడారా?

ప్రశ్న (గుణుపురం, రాయగడ జిల్లా):
అందరికీ నమస్కారం. సాయంత్రాలు మా వీధి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. నేను ఆడింది జిల్లా స్థాయి వరకే కావడంతో, పెద్ద క్లబ్బులో ఆడనివాడు కోచ్‌గా ఏం పనికొస్తాడని ఒకరిద్దరు తల్లిదండ్రులు నా ముఖం మీదే అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధించింది. ఆటగాడిగానూ కోచ్‌గానూ పేరు తెచ్చుకున్న పి.కె. బెనర్జీ గారి గురించి పిల్లలకు చెప్పాలనుకుంటున్నాను. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు కాబట్టి తెలుగులో చెబితేనే వారి మనసుకు పడుతుంది. ఆయన మోహన్ బగాన్‌కు ఎన్నేళ్లు ఆడారు? కోచ్‌గా ఏమేం సాధించారు?

జవాబు (పర్లాకిమిడి):
ఆయన మోహన్ బగాన్‌కు గాని, ఈస్ట్ బెంగాల్‌కు గాని ఎన్నడూ ఆడలేదండి. ఈస్టర్న్ రైల్వే జట్టులోనే ఉండిపోయి, 1958లో ఆ జట్టుతో కలకత్తా లీగ్ గెలిచారు. కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులను (మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్) కాదని మరో జట్టు ఆ లీగ్‌ను గెలవడం మళ్లీ 2019లో, పీర్‌లెస్ అనే జట్టుతోనే సాధ్యమైందంటే ఆ గెలుపు విలువ మీకే తెలుస్తుంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కెప్టెన్‌గా ఫ్రాన్స్‌పై గోల్ కొట్టి ఆటను 1-1తో నిలబెట్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచినప్పుడు మన మొదటి గోల్ ఆయనదే.

ఇక కోచ్‌గా చూస్తే, తాను ఆడని ఆ రెండు క్లబ్బులకే ఆయన గురువయ్యారు. 1975 ఐఎఫ్‌ఏ షీల్డ్ పోటీల ఫైనల్లో ఆయన నడిపిన ఈస్ట్ బెంగాల్ 5-0తో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఆ మరుసటి ఏడాదే, ఓడిన ఆ మోహన్ బగాన్ బాధ్యతను ఆయన తీసుకోవడం నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది, ఎందుకంటే అంతటి అవమానం పడ్డ ఆటగాళ్లకు తమను ఓడించిన గురువు మీదే నమ్మకం కుదరాలి. కుదిరింది కూడా. 1977లో మోహన్ బగాన్ ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో 2-2గా సమం చేసి, అదే ఏడాది ఐఎఫ్‌ఏ షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ మూడింటినీ గెలుచుకుంది. మ్యాచ్‌కు ముందు ఆయన ఆటగాళ్లతో మాట్లాడే తీరును కలకత్తాలో ‘వోకల్ టానిక్’ అనేవారు. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో, లక్షకు పైగా జనం మధ్య, ఆయన శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ 4-1తో మళ్లీ మోహన్ బగాన్‌ను ఓడించింది. భైచుంగ్ భూటియా హ్యాట్రిక్ ఆ రోజుదే.

జవాబు (బరంపురం):
పై మిత్రులు జాతీయ జట్టు సంగతి వదిలేశారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు శిక్షణ ఇచ్చినవారిలో బెనర్జీ గారు ఒకరు. కెప్టెన్ మన హైదరాబాదు సయ్యద్ నయీముద్దీన్. ఆ నయీముద్దీన్ గారూ తరువాత కోచ్‌గా మారి 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. ఆ తల్లిదండ్రులకు ఇంకొక మాట కూడా చెప్పండి: 1962లో బెనర్జీ గారికి కోచ్‌గా ఉన్న హైదరాబాదు రహీం గారు వృత్తిరీత్యా బడి పంతులు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మోహన్ బగాన్‌కు ఆడారనే ఇన్నాళ్లూ పొరబడ్డాను. మా పిల్లల్లో ముగ్గురి తండ్రులు రైల్వేలోనే పనిచేస్తున్నారు కాబట్టి, ఆదివారం 1958 లీగ్ కథతోనే మొదలుపెడతాను.