యూ0100 కోడు వస్తే ఈసీఎం (ఇంజిన్ మాడ్యూల్, అంటే ఇంజిన్ని నడిపే కంప్యూటర్) మార్చేయాలా, ముందు వైరింగ్ చూడాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
డీజిల్ కారు. సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ అవ్వట్లేదు. ఏబీఎస్‌లోనూ బీసీఎంలోనూ (బ్రేకులదీ, లైట్లు-తలుపులదీ కంప్యూటర్లు) యూ0100 కోడు, అంటే ఇంజిన్ మాడ్యూల్‌ నుంచి మాట రావట్లేదని. స్కానర్‌కి ఇంజిన్ అసలు దొరకట్లేదు. బ్యాటరీ విప్పి ఓబీడీ సాకెట్ (స్కానర్ పెట్టేది) 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్స్ వచ్చింది. ఈసీఎం పోయినట్టేనా? ఓనరు రేపటికల్లా మాట చెప్పమంటున్నాడు.

బొబ్బిలి డీజిల్:
60 వచ్చిందంటే క్యాన్ వైరింగ్ (మాడ్యూళ్లు మాట్లాడుకునే రెండు తీగలు) బాగున్నట్టే. రెండు చివర్లా ఉన్న 120 ఓమ్స్ రెసిస్టర్లు కలిసి 60 అవుతాయి. తీగ తెగితే 120 వచ్చేది, రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే సున్నా దగ్గరకి పడేది. ఇంక మిగిలింది ఈసీఎమ్మే. మార్చేయండి.

ఉప్పుగాలి (కళింగపట్నం):
తొందరపడకండి. చివరి రెసిస్టర్లు రెండూ, వాటి మధ్య తీగా బాగున్నాయనే ఆ 60కి అర్థం. చాలా బళ్లలో ఒక రెసిస్టరు ఈసీఎం లోపలే ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు. ఈసీఎం ఫ్యూజు కాలినా, మెయిన్ రిలే (ఈసీఎంకి కరెంటు కలిపే స్విచ్చి) అంటుకోకపోయినా, ఎర్త్‌కి చిలుము పట్టినా మీటరు 60 చూపిస్తూనే ఉంటుంది. కరెంటు అందని ఈసీఎం నోరు విప్పదు. ఆ కోడు రాసింది ఏబీఎస్, బీసీఎం. వాటికి తెలిసింది జవాబు రాలేదనే, ఎందుకు రాలేదో కాదు.
ఈసీఎం కనెక్టరు లాగి మళ్లీ కొలవండి. 60 కాస్తా 120 అయితే రెసిస్టరు అందులోనే ఉంది, క్యాన్ తీగలు దాని దాకా బాగున్నాయి. 60 మారకపోతే ఈసీఎం మెయిన్ లైను నుంచి చీలిన ఒక కొమ్మ మీద ఉన్నట్టు. ఆ కొమ్మ తెగినా 60 తగ్గదు, పెరగదు.

రాజాం ఆటో:
గేట్‌వే (స్కానర్ సాకెట్టుకీ మిగతా లైన్లకీ మధ్య ఉండే మాడ్యూల్) ఉన్న బండైతే 6, 14 దగ్గర కొలత గేట్‌వే దాకానే. అది మరవకండి.

బొబ్బిలి డీజిల్:
60 అంటే 60. ఫ్యూజు చూసుకోకుండా ఇక్కడికొచ్చి అడుగుతారా ఎవరైనా?

నాగావళి గట్టు:
ఫ్యూజులన్నీ చూశాను. కనెక్టరు లాగితే 120 అయింది. సప్లై పిన్ను దగ్గర 12.3 వోల్టులు వస్తోంది.

ఉప్పుగాలి:
లోడు లేకుండా కొలిచారు కదా. ఒక్క పోగు మిగిలిన తీగ కూడా మీటరుకి 12 చూపిస్తుంది. 21 వాట్ల ఇండికేటర్ బల్బు తీసుకోండి. కనెక్టరులో సప్లై పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య పెట్టండి, నిండుగా వెలగాలి. లావు ప్రోబు పిన్నులోకి గుచ్చకండి, పిన్ను వదులైపోయి కొత్త జబ్బు మొదలవుతుంది. ఇంకోటి, మెయిన్ రిలేని ఈసీఎమ్మే లాగే బళ్లలో కనెక్టరు విప్పితే ఆ లైనుకి కరెంటు రాదు. రిలే తీసి 30, 87 టెర్మినళ్లని ఫ్యూజున్న వైరుతో కలిపి చూడాలి.

సాలూరు లారీ:
లారీలకీ ఇదే లెక్క. తొమ్మిది పిన్నుల సాకెట్లో సీ, డీ మధ్య 60.

బొబ్బిలి డీజిల్:
ఏటండీ ఈ పాఠాలు? మూడు గంటలు కార్పెట్ ఎత్తి, డాష్ కింద దూరి, ఒక ఎర్త్ బోల్టు గీకి బిగిస్తే “బోల్టుకి ఇంత బిల్లా?” అంటారు. ఈసీఎం మారిస్తే నోరెత్తకుండా ఇస్తారు. వెతికినందుకు కూలి ఎవడిస్తాడు, మీరిస్తారా?

ఉప్పుగాలి:
ఇప్పుడు చెప్పారు అసలు సంగతి. ఇందాకటి నుంచి మనం కొట్టుకుంటున్నది 60 గురించి కాదన్నమాట. మీ కష్టం నిజమే, కాదనను. కానీ దానికి బండివాడు వేలు పోసి ఈసీఎం కొనడమేంటి? కొత్తదానికి ఇమ్మొబిలైజర్ (దొంగతనం ఆపేది) తాళం నేర్పాలి, ఇంజెక్టర్ కోడ్లు ఎక్కించాలి. ఎర్త్ అలాగే ఉంటే అదీ మాట్లాడదు. అప్పుడు ఓనరుకి ఏం చెప్తారు?

టెక్కలి ట్రావెల్స్:
ఓనరుగా చెప్తున్నా. చెకింగ్‌కి ఇంత అని ముందే కాగితం మీద రాస్తే ఇస్తాం. పని అయ్యాక చెప్తే గొడవే.

బొబ్బిలి డీజిల్:
మీరిస్తారు, అందరూ ఇవ్వరు.

నాగావళి గట్టు:
బల్బు మినుకుమంటోంది. ఎర్త్ పిన్ను వదిలేసి నేరుగా బ్యాటరీ మైనస్‌కి పెడితే నిండుగా వెలిగింది.

ఉప్పుగాలి:
అయితే ఎర్తే. ఆ తీగ బాడీకి దిగే బోల్టు వెతకండి. రంగూ చిలుమూ పోయి లోహం మెరిసేదాకా గీకి బిగించండి. తర్వాత కనెక్టరు పెట్టి, కీ ఆన్ చేసి, ఎర్త్ పిన్ను వెనక నుంచి బ్యాటరీ మైనస్‌కి కొలవండి. 0.1 వోల్టు దాటితే ఇంకో చోట కూడా ఉన్నట్టు. అప్పుడు స్కానర్ పెట్టండి.

బొబ్బిలి డీజిల్:
ఎర్త్ అని ఒప్పుకుంటున్నా. నాగావళి గారూ, బిల్లులో చెకింగ్ కూలి ఎంత రాస్తారో, ఓనరు ఎంతిచ్చాడో అదీ ఇక్కడే పెట్టండి.