చిన్న ఉప్పునీటి తొట్టిలో నాచు: మందు వేయాలా, మేత తగ్గించాలా?

బరంపురం సభ్యుడు:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 70 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, కొన్ని నత్తలు ఉన్నాయి. వర్షాకాలం ముగిసినప్పటి నుంచి రాళ్ల మీద వెంట్రుకల్లాంటి పచ్చని నాచు దట్టంగా అల్లుకుంటోంది. నీళ్లు గోపాల్‌పూర్ తీరం నుంచి తెస్తాను, ఆవిరై తగ్గిన మేరకు ఇంటి బోరు నీరు పోస్తాను. దుకాణంలో ఒక నాచు మందు ఇచ్చి, అది వేస్తే వారంలో శుభ్రమవుతుందన్నారు. ఇక్కడి పాత చర్చల్లో మాత్రం కొందరు మందు మాటే ఎత్తవద్దని వాదించారు. ఏది సరైనదో కారణాలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఛత్రపురం సభ్యురాలు:

ముందుగా ఆ సీసా మీద ఏయే పదార్థాలు రాశారో చదవండి. కొన్ని నాచు మందుల్లో రాగి సమ్మేళనం ఉంటుంది. చేపలు ఓర్చుకోగల మోతాదులోనే రాగి రొయ్యలనూ నత్తలనూ చంపేస్తుంది. పైగా అది సున్నపు రాళ్లకూ ఇసుకకూ పట్టుకుని, నీరు మార్చిన తరువాత కూడా కొద్దికొద్దిగా బయటకు వస్తూనే ఉంటుంది. మీ తొట్టిలో రొయ్య ఉంది కనుక రాగి మందు వద్దనడానికి ఇదొక్కటే చాలు.

రాగి లేని మందు దొరికినా నా అభిప్రాయం మారదు. మనం వేసే మేతలోని నత్రజని, భాస్వరం చేపల విసర్జన వల్లా, తినకుండా మిగిలినది కుళ్లడం వల్లా నైట్రేట్, ఫాస్ఫేట్ రూపంలో నీటిలో చేరతాయి. నాచు వాటిని పీల్చుకుని పెరుగుతుంది. దానిని తొట్టిలోనే చంపితే, అది కుళ్లి, పీల్చుకున్నదంతా తిరిగి నీటికే ఇస్తుంది. కుళ్లే సమయంలో నీటిలోని ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. 30 డిగ్రీల వేడి దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, సముద్రపు నీటిలో 6 మిల్లీగ్రాములకు కొంచెం పైన మాత్రమే కరుగుతుంది. మన గంజాం జిల్లా (ఒడిశా) వేడిలో, రాత్రిపూట కరెంటు పోయి గాలి పంపు ఆగితే, చచ్చిన నాచుతో నిండిన చిన్న తొట్టిలో చేపలు తెల్లవారేదాకా బతకడం కష్టం. అదే నాచును చేత్తో పీకి బయట పడేస్తే, అది పట్టి ఉంచిన పోషకాలన్నీ దానితోపాటే తొట్టి నుంచి పోతాయి.

మేత సంగతి ఇంకా ముఖ్యమైనది. ప్యాకెట్లలో అమ్మే గడ్డకట్టిన రొయ్యలు బరువు తగ్గకుండా ఉండడానికి కొన్నిసార్లు వాటిని ఫాస్ఫేట్ ద్రావణంలో నానబెడతారు. వాటిని ముక్కలు చేసి వేయడమంటే నాచుకు ఎరువు వేయడమే. రేవులో దొరికే తాజా రొయ్యను కడిగి, చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి. బోరు నీటిని కూడా పూర్తిగా మానేయండి. నీరు ఆవిరైనప్పుడు అందులో కరిగినవి ఆవిరి కావు కాబట్టి, పోసిన ప్రతిసారీ బోరు నీటిలోని నైట్రేట్, సిలికేట్ తొట్టిలో పేరుకుపోతాయి. ఆర్.ఓ. నీరు వాడండి.

పర్లాకిమిడి సభ్యుడు:

సోదరి చెప్పిన సిద్ధాంతంతో నాకు విభేదం లేదు. ఆచరణలో దానికి ఉన్న పరిమితి గురించే నా అభ్యంతరం. ఒకసారి వేళ్లూనుకున్న నాచు, మేత తగ్గించినంత మాత్రాన వెనుదిరగదు. రాయిలోనే పట్టి ఉన్న ఫాస్ఫేట్ నెలల తరబడి దానికి ఆహారమవుతుంది. పరీక్షలో ఫాస్ఫేట్ సున్నా చూపిందని మురిసిపోతూ, రాయి మీద పచ్చగా పెరిగేదాన్ని చూస్తూ కూర్చునేవారు ఎందరో ఉన్నారు. ఆ సున్నాకు కారణం నాచు దానిని అప్పటికప్పుడే పీల్చేయడం. పోనీ మేతా పోషకాలూ పూర్తిగా తొలగించాలని చూస్తే, ఆ ఖాళీలోకి నాచు కన్నా మొండివైన డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు రావచ్చు. కాబట్టి రాగి వద్దు గానీ, మందు అనే మాటనే నిషేధించడం సరికాదు. రాయిని బయటకు తీసి, నాచు ఉన్నచోట 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి, కొద్ది నిమిషాల తరువాత ఉప్పునీటితో కడిగి తిరిగి పెట్టడం నేను సమర్థించే పద్ధతి.

ఛత్రపురం సభ్యురాలు:

బయటకు తీసిన రాయి మీద పెరాక్సైడ్ పూయడానికి నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే అది నీళ్లూ ఆక్సిజనూగా విడిపోతుంది, చచ్చిన నాచును కూడా అక్కడే గీకి పడేయవచ్చు. నేను వ్యతిరేకించేది సీసాను నేరుగా తొట్టిలో వంచడాన్ని. ఈ రెండింటినీ ఒకే మాట కింద చేర్చడం వల్లనే కొత్తవారు తికమకపడుతున్నారు.

గోపాల్‌పూర్ సభ్యుడు:

ఇద్దరూ తీరం నుంచి తెచ్చే నీళ్ల సంగతిని పక్కన పెట్టారు. ఈ ప్రశ్న వర్షాకాలం తరువాత రావడం కాకతాళీయం కాదని నా నమ్మకం. ఋషికుల్య, బాహుదా నదులు మన తీరంలోనే సముద్రంలో కలుస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీరం వెంట దక్షిణానికి పారే ప్రవాహం ఉత్తరాన నదులు కలిపిన పలుచని నీటిని కూడా ఇటే తెస్తుంది. అందువల్ల ఆ నెలల్లో తీరపు నీటిలో ఉప్పు తక్కువ, పొలాల నుంచి కొట్టుకొచ్చిన పోషకాలు ఎక్కువ. వాన వెలిశాక కొన్ని వారాలు ఆగి, పోటు సమయంలో, ఏ కాలువా కలవని చోట నీరు తీసుకోవాలి. లేదా ఆ నెలల్లో ఆర్.ఓ. నీటిలో అక్వేరియం ఉప్పు కలుపుకోవాలి. అలాగని సముద్రపు నీరే వద్దంటే నేను ఒప్పుకోను. వేసవిలో ఇక్కడి నీరు చాలా బాగుంటుంది.

ఇంకొక విన్నపం. పీకిన నాచును, ముఖ్యంగా దుకాణంలో కొన్న కౌలర్పా వంటివాటిని, సముద్రంలో పడేయకండి. 1984లో మొనాకో తీరంలో కనిపించిన కౌలర్పా టాక్సిఫోలియా మధ్యధరా సముద్రపు అడుగున ఎంత విస్తరించిందో అందరికీ తెలిసినదే. ఎండబెట్టి చెత్తబుట్టలో వేయండి.

బరంపురం సభ్యుడు:

మీరందరూ చెప్పినవి చదివి ఈరోజు తొట్టి నీటిని కొలిచాను. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు, నీటి ఉప్పదనాన్ని చూపే సాంద్రత 1.019. సీసా మీద రాగి పేరు స్పష్టంగా ఉంది, దానిని తిరిగి ఇచ్చేస్తాను. రాళ్లు తీసి గీకుతాను. వారానికి ఐదోవంతు నీరు మారిస్తే సరిపోతుందా?

పర్లాకిమిడి సభ్యుడు:

ఐదోవంతు మారిస్తే 40 కాస్తా 32 అవుతుంది, మరోసారి మారిస్తే దాదాపు 26. అదీ మధ్యలో మేత ఏమీ కలపకపోతేనే. కాబట్టి నీటి మార్పు ఒక్కదాని మీదే ఆధారపడవద్దు. వీలైతే వెనుక చిన్న అరలో కీటోమార్ఫా అనే నాచును విడిగా, రాత్రి దీపం కింద పెంచి, వారం వారం కొంత కోసి తీసేయండి. ముందు వరుసలో అక్కరలేని నాచుకు అందవలసిన పోషకాలను అది పీల్చుకుంటుంది. సాంద్రతను సముద్రపు నీటి స్థాయి అయిన 1.025కి ఒక్కరోజులో పెంచకండి, రోజుకు 0.001 చొప్పున పెంచండి. లేకపోతే నాచు కంటే ముందు రొయ్య పోతుంది.

ఛత్రపురం సభ్యురాలు:

కీటోమార్ఫా విషయంలో పూర్తిగా ఏకీభవిస్తాను. పెరాక్సైడ్ పూయడం మాత్రం ఒకేసారి అన్ని రాళ్లకూ చేయవద్దు. అమ్మోనియాను శుద్ధి చేసే బ్యాక్టీరియా ఆ రాళ్ల మీదే ఉంటుంది. ఒక వారం ఒక రాయి, మరో వారం మరొకటి చొప్పున చేస్తూ, మధ్యలో అమ్మోనియా కొలిచి ఇక్కడ రాయండి.